బాదం ఆకు నీళ్లను ఎంత మారుస్తుంది?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంక గ్రామాల వాళ్లు సామాను సర్దుకోవడం మొదలుపెడతారు. దక్షిణ అమెరికాలో రియో నీగ్రో అనే నదిలో ఏడాది సగటున పారే నీళ్లే దాదాపు అంత, సెకనుకు సుమారు 28 వేల ఘనపు మీటర్లు. అయినా అది అమెజాన్‌కి ఒక ఉపనది మాత్రమే. అంత నీటిలో లీటరుకు కరిగి ఉండే కాల్షియం ఎంతో తెలుసా? సుమారు 0.2 మిల్లీగ్రాములు. మన తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ‘ఐఎస్ 10500’ ప్రకారం లీటరుకు 75 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉన్నా మంచినీళ్ల కిందే లెక్క. అంటే 350 రెట్లకు పైగా తేడా.

ఈ లెక్కతో మనకేం పని అంటే, ఇళ్లలో అక్వేరియం పెట్టుకునే వాళ్ల అభిరుచి మారుతోంది. రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే బొమ్మలు తీసేసి, అడుగున ఎండుటాకులు పరిచి, మధ్యలో ఎండిన మోడు ఒకటి నిలబెట్టి, కొన్ని గట్టి కాయలు వేసి, చేపకు అడవిలోని ఏరును తిరిగి ఇవ్వాలనుకుంటున్నారు. చాలా మంచి మార్పు. చేప దాక్కోవడానికి చోటు వెతుక్కునే జీవి. ఖాళీ గాజుపెట్టెలో నాలుగు వైపులా దీపాల వెలుతురులో అది బతకగలదు గానీ, స్థిమితంగా ఉండలేదు.

అయితే ఒక పొరపాటు నమ్మకం కూడా ఈ అభిరుచితో పాటే వచ్చింది. బాదం ఆకు వేస్తే రెండు మూడు రోజుల్లో నీళ్లు పాలు పోయని టీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు చూడగానే నీళ్లు మెత్తబడ్డాయని, ఆమ్లగుణం వచ్చిందని, అమెజాన్ చేపలకు ఇక సొంతూరు దొరికిందని అనుకుంటారు. నీళ్ల రంగు మారినంత మాత్రాన నీళ్ల గుణం మారదు. ఆకు చేసే మేలు నిజంగానే చాలా ఉంది. కానీ మన ప్రాంతపు నీళ్లలో అది పీహెచ్ మీటరు మీద కనిపించే మేలు కాదు.

నల్ల నది లెక్కలు

డార్విన్‌తో పాటు ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని ఊహించిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1850 నుంచి 1852 దాకా రియో నీగ్రో మీద తిరిగాడు. అమెజాన్ ప్రాంతపు నదుల్ని నీటి రంగును బట్టి తెల్లవి, నీలివి, నల్లవి అని విడదీసి రాసింది ఆయనే. 1852లో తిరుగు ప్రయాణంలో ఓడకు అట్లాంటిక్ నడిమధ్యలో నిప్పంటుకుంది. సేకరించిన జంతువులు, నమూనాలు చాలావరకు బూడిదయ్యాయి. ఒక చిన్న రేకుపెట్టె మాత్రం దక్కింది. అందులో ఆయన చేత్తో గీసుకున్న చేపల బొమ్మలు, సుమారు 200, ఉన్నాయి. నల్ల నీటి చేపల గురించి బయటి ప్రపంచానికి దక్కిన తొలి సంపదల్లో అదొకటి.

ఆ నీళ్లు ఎందుకు నల్లగా ఉంటాయి? రియో నీగ్రో పరీవాహకంలో పెద్ద భాగం ఇసుక నేల. అడవి రాల్చిన ఆకు, కొమ్మ కుళ్లినప్పుడు పుట్టే హ్యూమిక్ పదార్థాలను పట్టి ఉంచే బంకమట్టి అక్కడ తక్కువ. వాన పడ్డప్పుడల్లా అవి జల్లెడలోంచి కారినట్టు నదిలోకి దిగిపోతాయి. పైగా కోట్ల ఏళ్లుగా వానలు కడిగేసిన నేల కాబట్టి కరగడానికి ఖనిజాలు పెద్దగా మిగల్లేదు. ఫలితంగా అక్కడి నీటి పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది. విద్యుద్వాహకత సెంటీమీటరుకు 10 మైక్రోసీమెన్స్ దరిదాపుల్లో. మన ఇళ్లలో వాడే టీడీఎస్ మీటరు ముంచితే 5 చూపిస్తుంది. ఆర్వో యంత్రంలోంచి పట్టిన నీళ్లు కూడా సాధారణంగా అంత ఖాళీగా ఉండవు.

పీహెచ్ అంకెను చిన్నచూపు చూడకూడదు. 7 నుంచి 6కు దిగితే ఆమ్లగుణం పది రెట్లు, 5కు దిగితే వంద రెట్లు పెరుగుతుంది. పీహెచ్ 4 ఉన్న నీటిలో మామూలు చేప మొప్పల గుండా ఒంట్లోని సోడియం బయటికి కారిపోయి చచ్చిపోతుంది. రియో నీగ్రో చేపలు తట్టుకోవడానికి వాటి మొప్పల నిర్మాణం ఒక కారణం. లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములుగా కరిగి ఉండే సేంద్రియ కార్బనం, అంటే ఆ నల్లరంగే, మొప్పలకు కొంత రక్షణగా పనిచేస్తుందని అక్కడే జరిగిన పరిశోధనలు చూపాయి. ఆకుల రసం చేపకు మేలు చేస్తుందన్న మాటకు గట్టి పునాది ఇదే.

ఇంకో అంకె కూడా చూడాలి. బ్రెజిల్‌లోని మనౌస్ రేవు దగ్గర రియో నీగ్రో ఏటా సగటున 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. 2021లో నీటిమట్టం రేవు కొలబద్ద మీద 30.02 మీటర్లకు చేరి రికార్డు సృష్టించింది. రెండేళ్లకే, 2023 కరవులో, 12.70 మీటర్లకు పడిపోయింది. మామూలు ఏడాదుల్లో నీళ్లు పెరిగినప్పుడు ఒడ్డున ఉన్న అడవి నెలల తరబడి మునిగిపోతుంది. చేపలు చెట్ల కాండాల మధ్యకు, పొదల్లోకి, రాలిన ఆకుల గుట్టల మీదకు మేతకు వెళతాయి. ఎర్రటి పొట్ట, నీలి గీతతో మెరిసే కార్డినల్ టెట్రా ఆ మునిగిన అడవి చేప. 1956లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. బార్సెలోస్ అనే పట్టణం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పడవల్లో వెళ్లి చిన్న వలలతో వాటిని పట్టి అమ్ముకుని బతుకుతున్నారు. ఆకుల అక్వేరియం పెట్టేవాళ్లు గాజుపెట్టెలో తిరిగి కట్టాలనుకునేది ఈ మునిగిన అడవినే.

మన కుళాయి దగ్గర ఏం జరుగుతుంది

ఇక్కడ చూడాల్సిన అంకె క్షారత. అక్వేరియం వాళ్లు దీన్ని కేహెచ్ అంటారు. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేసే రైతుకు దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పీహెచ్‌తో పాటు ఆల్కలినిటీ, అమ్మోనియా రిపోర్టు చూడనిదే ఆయన చెరువులో చెయ్యి పెట్టడు. నీటిలో ఆమ్లం పడితే దాన్ని మింగేసి పీహెచ్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచే శక్తి క్షారత. ఒక కేహెచ్ అంటే, కాల్షియం కార్బొనేటు లెక్కన, లీటరుకు 17.9 మిల్లీగ్రాముల క్షారత.

తాగునీటికి ప్రమాణం ప్రకారం క్షారత 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. తెలంగాణ, రాయలసీమల్లో బోరు నీళ్లు మొదటి అంకెను దాటడం కొత్త సంగతేం కాదు. మనం 200నే తీసుకుందాం, అంటే కేహెచ్ 11 పైన.

ఆ క్షారతను పూర్తిగా చంపడానికి లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్ల ఆమ్లం కావాలి. ఆకుల్లోంచి వచ్చే హ్యూమిక్ పదార్థంలో ఒక గ్రాము కార్బనానికి సుమారు 10 మిల్లీఈక్వివలెంట్ల ఆమ్లశక్తి ఉంటుంది. భాగించి చూస్తే లీటరుకు 400 మిల్లీగ్రాముల సేంద్రియ కార్బనం కావాలి. రియో నీగ్రోలో ఉన్నది 10. అంటే మన కుళాయి నీటిని ఆకులతోనే ఆమ్లంగా మార్చాలంటే రియో నీగ్రో కంటే 40 రెట్లు నల్లగా చేయాలి. అంత చిక్కటి నీటిలో చేప కనిపించదు, మొక్క బతకదు.

కాబట్టి బోరు నీళ్లలో నాలుగు బాదం ఆకులు వేసి మర్నాడు పీహెచ్ 7.8 నుంచి కదల్లేదని నిరాశపడే వాళ్లకు ఆకు మోసం చేయలేదు. ఆ నీటికి అది చాలదు, అంతే. సంచులకొద్దీ ఆకులు కొని గుమ్మరించినా ఫలితం అదే. పైగా వేరే ప్రమాదం మొదలవుతుంది, దాని సంగతి కాసేపట్లో.

నిజంగా మెత్తటి నీళ్లు కావాలంటే ఆకు కంటే ముందు నీటిని మార్చాలి. వంటింటి ఆర్వో ఉన్నవాళ్లకు దారి తేలిక. కుళాయి నీటి టీడీఎస్ 500, క్షారత 200 అనుకుందాం. ఆర్వో నీటి టీడీఎస్ 30, క్షారత 15. ఒక పాలు కుళాయి నీటికి నాలుగు పాళ్లు ఆర్వో నీళ్లు కలిపితే టీడీఎస్ 124కు, క్షారత 52కు దిగుతాయి. కేహెచ్ సుమారు 3. దీనికి ఆకులు తోడైతే పీహెచ్ 7 చుట్టూ కుదురుకుంటుంది. మన దుకాణాల్లో దొరికే నియాన్ టెట్రాలు ఎన్నో తరాలుగా ఫారాల తొట్లలో పుట్టి పెరిగినవి. వాటికి ఈ నీళ్లు హాయిగా సరిపోతాయి. పీహెచ్ 4 కోసం తంటాలు పడాల్సిన పని లేదు.

ఆర్వో యంత్రంలో టీడీఎస్ కంట్రోలర్ గానీ మినరల్ కార్ట్రిడ్జ్ గానీ ఉంటే అది పచ్చి నీటినో, ఖనిజాలనో మళ్లీ కలిపి పంపుతుంది. కాబట్టి కలిపే ముందు మీటరు పెట్టి చూసుకోవాలి. ఇంకో బాధ, వృథా. ఇంటి ఆర్వో ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. అందుకే వాననీరే మేలంటాను. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పది చదరపు మీటర్ల రేకు మీద ఆ లెక్కన 8 వేల లీటర్లు పడతాయి. మొదటి రెండు మూడు వానల్ని వదిలేసి, దుమ్ము కడిగాక పట్టిన నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు. సిమెంటు డాబా మీద పట్టిన నీళ్లలో మాత్రం కొంత సున్నం కలుస్తుంది.

ఆకు అసలు ఏం చేస్తుంది

ఒక ఆకును దగ్గరగా గమనిస్తే తెలుస్తుంది. ఎర్రబారి రాలి ఎండిన బాదం ఆకు, జానెడు పొడవుంటుంది, నీటిలో వేసిన రోజు తేలుతూనే ఉంటుంది. నీళ్లు పీల్చుకుని మునగడానికి ఒకటి రెండు రోజులు. అప్పటికే దాని అంచుల నుంచి గోధుమరంగు తీగల్లా దిగుతుంటుంది. కరిగే పదార్థంలో పెద్ద వాటా ఈ మొదటి రెండు రోజుల్లోనే వచ్చేస్తుంది. వారం తిరిగేసరికి ఆకు మీద వేలు పెడితే జారుతుంది. బూజు, బ్యాక్టీరియా కలిసి పరిచిన పొర అది. చాలామంది దాన్ని చూసి ఆకు పాడైందని తీసి పారేస్తారు. నిజానికి విందు అప్పుడే మొదలవుతుంది. చెర్రీ రొయ్యల్ని వదిలితే ముందుకాళ్లతో ఆ పొరను గీరుకుంటూ ఆకు ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళతాయి. మూడో వారానికి ఆకు మెత్తబడి చిల్లులు పడుతుంది. ఆరు, ఎనిమిది వారాలకు ఈనెల వల మిగులుతుంది. ఆ వల కింద నత్తపిల్లలు, కంటికి ఆనని పురుగులు, రొయ్యపిల్లలు దాక్కుంటాయి.

మనౌస్ దగ్గరి తరుమాజిన్యో అనే నల్లనీటి వాగులో పీటర్ హెండర్సన్, ఇల్స వాకర్ అనే శాస్త్రజ్ఞులు ఆకుగుట్టల్ని పరిశీలించి 1986లో ప్రచురించిన పనిలో ఇదే గొలుసు కనిపిస్తుంది. అక్కడ చేప ఆకును తినదు. ఆకును బూజు తింటుంది. బూజును చిన్న పురుగులు, దోమజాతి ఈగల లార్వాలు తింటాయి. వాటిని చిన్న చేపలు, రొయ్యలు తింటాయి. ఎండ సరిగ్గా సోకని, ఖనిజాలు లేని ఆ నీటిలో నాచు పెద్దగా పెరగదు. ఊరంతటికీ అన్నం పెట్టేది రాలిన ఆకే. సుమత్రా పీట్ బురదల్లో, పీహెచ్ 3 దాకా దిగే నీళ్లలో, 2006లో శాస్త్రజ్ఞులు వర్ణించిన పీడోసిప్రిస్ చేపల్లో పెద్దయిన ఆడచేప పొడవు 7.9 మిల్లీమీటర్లు. వెన్నెముక ఉన్న ఒక జీవి మొత్తం బతుకు అలాంటి ఆకు చెత్తలో ఇమిడిపోయింది.

అక్వేరియంలో ఆకు విలువ కూడా నా దృష్టిలో ఇక్కడే ఉంది. చేపపిల్లలకు మొదటి వారాల్లో నోటికి పట్టే మేత దొరకడమే కష్టం. ఆకు పొర మీది సూక్ష్మజీవులు ఆ లోటు తీరుస్తాయి. పిరికి చేపలకు నీడ దొరుకుతుంది. నీటి రంగు వెలుతురు తీక్షణతను తగ్గిస్తుంది. ఫైటర్ చేపను పెంచేవాళ్లు థాయ్‌లాండ్‌లో తరతరాలుగా బాదం ఆకు, ఎండిన అరటాకు వాడుతున్నారు. ఆ దేశం 2019లో ఆ చేపను జాతీయ జలచరంగా ప్రకటించింది కూడా. బాదం ఆకు సారం బ్యాక్టీరియాను అణచడం ప్రయోగశాలల్లో చూశారు. అయితే సీసాలో చిక్కగా తీసిన సారం వేరు, ట్యాంకులో నానే ఆకు వేరు. జబ్బు చేసిన చేపకు ఆకు వేసి మందు వేసినట్టే అనుకుంటే ప్రాణం పోతుంది.

ఏ ఆకు, ఎంత

మనకు కొనాల్సిన పని లేదు. కోస్తాలో విస్తళ్లు కుట్టిన నాటు బాదం ఆకే ప్రపంచమంతా ప్యాకెట్లలో అమ్ముడుపోతోంది. ఏడాదికి రెండుసార్లు చెట్టు ఎర్రబడి రాలుస్తుంది. జామ ఆకు చిన్నది, రొయ్యలకు ఇష్టం. పనసాకు తోలులా మందంగా ఉండి మిగతా వాటికంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎండిన అరటాకు త్వరగా కరిగిపోతుంది.

రాలిన ఆకునే ఏరుకోవాలి, పచ్చాకు కోయకూడదు. రాల్చేముందు చెట్టు ఆకులోని నత్రజని, భాస్వరంలో సుమారు సగాన్ని కొమ్మలోకి వెనక్కి లాగేసుకుంటుంది. పచ్చాకు వేస్తే ఆ సరుకంతా నీటిలో కుళ్లి అమ్మోనియా అవుతుంది. రోడ్డు పక్క చెట్లు, దోమల మందు పొగ పెట్టే కాలనీలు, పురుగుమందు కొట్టిన తోటలు వద్దు. గన్నేరు, జిల్లేడు, ఆముదం, కానుగ ట్యాంకు దగ్గరికి రానివ్వకూడదు. కానుగ వేరు, గింజ చేపల్ని మత్తెక్కించి పట్టడానికి వాడినవే. వేప కూడా వద్దంటాను. చీడల్ని చంపే గుణమున్న ఆకుతో రొయ్యల దగ్గర ప్రయోగాలు చేయడం ఎందుకు?

మోతాదు విషయంలో పెంపకందార్లలో నడుస్తున్న వాడుక 40 లీటర్లకు ఒకటి రెండు పెద్ద బాదం ఆకులు. ఇది మొదటి వారపు మోతాదుగా మంచిదే. అంతకు మించి అడుగంతా ఆకులు పరవాలంటే వారానికి ఒకటి రెండు చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఎందుకో అంకెలే చెబుతాయి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకును తీసుకోండి. ఇసుక, కర్ర పోను నీళ్లు 45 లీటర్లు. 30 డిగ్రీల వేడిలో లీటరు నీరు గరిష్ఠంగా 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే పట్టుకోగలదు. మొత్తం ట్యాంకులో కలిపి 0.34 గ్రాములు. ఎండుటాకులో ఎక్కువ భాగం సెల్యులోజ్, దాని జాతి పదార్థాలు. ఒక గ్రాము సెల్యులోజ్ పూర్తిగా కుళ్లడానికి 1.2 గ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే 0.3 గ్రాముల ఆకు, చిన్న ముక్క, పూర్తిగా కుళ్లిందంటే ట్యాంకులో ఆ క్షణాన ఉన్న ఆక్సిజన్ మొత్తానికి సమానంగా తినేస్తుంది. మామూలుగా ఏమీ కాదు, కుళ్లడం వారాల మీద నడుస్తుంది, ఈలోగా పైనుంచి గాలి కరుగుతూనే ఉంటుంది. కానీ గుప్పెడు గుప్పెడు ఆకులు ఒకేసారి పోస్తే కరిగే చక్కెరలన్నీ రెండు రోజుల్లోనే బ్యాక్టీరియాకు దొరుకుతాయి. తెల్లారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే కారణం అదే. మే నెలలో నీళ్లు 34 డిగ్రీలకు చేరితే పట్టే ఆక్సిజనే 7.1కు తగ్గుతుంది. అప్పుడు కొత్త ఆకులు అసలు వేయకుండా, ఫిల్టరు ధార నీటి పైభాగాన్ని కదిపేలా తిప్పిపెట్టాలి.

ఆకుల్ని పది నిమిషాలు ఉడికించి వేయడం వల్ల ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. రంగు కొంత పోతుంది నిజమే. నేనైతే మొదటిసారి పెట్టేవాళ్లకు ఉడికించమనే చెబుతాను. తామరకాయలు, గట్టి కాయలు, కొబ్బరిచిప్పలకు అరగంట పైనే కావాలి.

తెలియకుండా పెరిగే, తరిగే అంకెలు

ఆకుల ట్యాంకులో చేపలు హఠాత్తుగా చచ్చిపోతే నింద ఆకు మీద వేస్తారు. చాలాసార్లు దోషం రెండు చోట్ల ఉంటుంది.

ఒకటి, ఆవిరి. రెండడుగుల ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం తగ్గితే 1.8 లీటర్లు పోయినట్టు. నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ఆ చోటును టీడీఎస్ 600 ఉన్న బోరు నీటితో నింపితే ప్రతిసారీ ఒక గ్రాము పైన ఖనిజాలు చేరతాయి. వేసవిలో రెండు రోజులకోసారి నింపితే నెలకు 16 గ్రాములు. 45 లీటర్లలో అది 360 టీడీఎస్ పెరగడం. కష్టపడి 124కు దించిన నీళ్లు నెల తిరిగేసరికి 480 దాటుతాయి. ఆవిరైన నీటి చోటు ఆర్వో నీటితోనో వాననీటితోనో నింపాలి. వారంవారం మార్చే నీళ్లకే కలిపిన నీళ్లు వాడాలి.

రెండోది దీనికి ఎదురు దిక్కు, క్షారత అరిగిపోవడం. మెత్తటి నీళ్లు సాధించామని కేహెచ్‌ను ఒకటికి దించేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఫిల్టరులోని బ్యాక్టీరియా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి 7.14 మిల్లీగ్రాముల క్షారతను ఖర్చు చేస్తుంది. 45 లీటర్లలో ఒక కేహెచ్ అంటే మొత్తం 800 మిల్లీగ్రాములు. అది 112 మిల్లీగ్రాముల నత్రజనికి సరిపోతుంది. నలభై శాతం మాంసకృత్తులున్న ఒక గ్రాము మేతలో నత్రజని 64 మిల్లీగ్రాములు, అందులో సగం పైనే చేప విసర్జిస్తుంది. అంటే నీళ్లు మార్చకుండా వదిలేస్తే సుమారు 3 గ్రాముల మేతతో ఆ కేహెచ్ ఖాళీ. ఆ తర్వాత పీహెచ్‌ను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. ఒక్క రాత్రిలో 5 దాకా జారొచ్చు. మొక్కలు అమ్మోనియాను తీసుకుంటే కొంత ఊరట. కొత్తవాళ్లు మాత్రం కేహెచ్ 2, 3 మధ్య ఉంచుకోవడమే క్షేమం.

పీహెచ్ జారిన ట్యాంకులో ఇంకో ఉచ్చు ఉంది. పీహెచ్ 6 దిగువన ఆ బ్యాక్టీరియా మందగించి అమ్మోనియా పోగవుతుంది. అయినా చేపలు బాగానే కనిపిస్తాయి. ఎందుకంటే 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 6లో మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.06 శాతమే. 7లో 0.56 శాతం, 8లో 5.3 శాతం. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా పోగైన ట్యాంకులో, ఇల్లంతా శుభ్రం చేసే ఉత్సాహంతో సగం పైన బోరు నీళ్లు గుమ్మరించి పీహెచ్‌ను 8కి లేపితే, సగం అమ్మోనియా నీళ్లతో పాటు పోయినా మిగిలిన దానిలో విషం దాదాపు 50 రెట్లవుతుంది. శుభ్రం చేసిన రోజే చేపలు పోయాయని వాపోయేది ఇందుకే. వారానికి 15, 20 శాతం మించకుండా, ట్యాంకు నీటికి దగ్గరగా ఉన్న నీళ్లతో మార్చుకుంటే ఈ గండం రాదు. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు మందు వేయడం మరవకూడదు.

కర్ర

దుకాణాల్లో డ్రిఫ్ట్‌వుడ్ పేరుతో దొరికేది చాలావరకు దిగుమతి సరుకు. ఆఫ్రికా మోపానీ కర్ర నీటికంటే బరువు, వేయగానే మునుగుతుంది, నెలల తరబడి రంగు వదులుతుంది. ఇంట్లో జామ కొమ్మ ఉంటే బెరడు తీసి బాగా ఎండబెట్టి వాడుకోవచ్చు. లోపల పచ్చి ఉన్నది మాత్రం కుళ్లుతుంది. కొత్త కర్ర మీద తెల్లటి జిగురు బూజు రెండు నుంచి నాలుగు వారాలు ఉండి దానంతటదే పోతుంది. దాన్ని చూసి మందులు పోయొద్దు.

కాకినాడ వైపు వెళ్లినవాళ్లు మడ అడవుల్లో కనిపించే అందమైన వంకర వేళ్లకు ఆశపడొద్దు. కోరింగ అభయారణ్యం సుమారు 236 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడి నుంచి ఎండు మోడు తెచ్చుకోవడం కూడా నేరమే. చట్టం సంగతి అటుంచినా, ఆ మోడు అక్కడ పీతలకూ చేపపిల్లలకూ ఇల్లు. ఒక ఇంటి అక్వేరియంలో అడవిని చూపించడానికి నిజమైన అడవికి గండి కొట్టడం ఏ రకంగానూ సబబు కాదు.

ఏ చేప

మెత్తటి నీళ్లు కలుపుకోగలిగితే రెండడుగుల ట్యాంకులో పది పన్నెండు నియాన్ టెట్రాలు, ఇరవై దాకా చెర్రీ రొయ్యలు చాలు. మన దేశపు చేపలే కావాలంటే తేనెరంగు హనీ గౌరామి జంట, రెండు సెంటీమీటర్లు దాటని ఎర్రటి స్కార్లెట్ బాడిస్ ఉన్నాయి. రెంటినీ గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వేసిన పుస్తకంలో వర్ణించాడు. బాడిస్ ప్యాకెట్ మేత సాధారణంగా ముట్టదు, కదిలే పురుగే కావాలి. ఆకుల మీద ఊరే చిన్న ప్రాణులు దానికి అన్నం. కాబట్టి ట్యాంకు పెట్టి రెండు మూడు నెలలు గడిచి, ఆకులు బాగా ఊరాకే దాన్ని తేవాలి. రొయ్యపిల్లల్ని కూడా అది వదలదని గుర్తుంచుకోవాలి.

ఆర్వో లేదు, వాననీళ్లు పట్టే వీలు లేదు, బోరు టీడీఎస్ 700 అంటారా? నీటిని మార్చలేనప్పుడు చేపను మార్చుకోవడమే తెలివైన పని. గప్పీలు, ప్లాటీలు, మోలీలు గట్టి నీళ్లలోనే బాగుంటాయి. దక్షిణ భారత తీరాల ఆరెంజ్ క్రోమైడ్ ఉప్పు కలిసిన నీటిలో కూడా బతుకుతుంది. ఈ ట్యాంకుల్లోనూ బాదం ఆకులు వేయండి, జామ ఆకులు పరవండి. పీహెచ్ 7.8 దగ్గరే ఉంటుంది, ఉండనివ్వండి. బూజు అదే తీరున పడుతుంది, పురుగు అదే తీరున పుడుతుంది, గప్పీ పిల్లలు ఆకుల కిందికే పరుగెత్తుతాయి. ఆకులు సగం కరిగాక మొత్తం తీసేయకుండా మూడోవంతు చొప్పున కొత్తవి చేర్చుకుంటూ పోతే ఆ గొలుసు తెగదు.